పిల్ల ఎత్తు బెల్లం

విశాఖపట్నం
15 జూన్ 2003

అన్నయ్యకు, లక్ష్మీకుమారి నమస్కరించి రాస్తున్నది.

పాసింజరు గంటన్నర ఆలస్యంగా చేరింది. అమ్మ కట్టిన పనసతొనలు సగం రైల్లోనే అయిపోయాయి. మిగతా సగం మీ బావగారు నిలబడే పూర్తిచేశారు. వదిన ఇచ్చిన మాగాయ సీసా పగలకుండా చేరింది.

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకంటే, మీ ఫోను హాల్లో ఉంది. మోగితే ముందు పరిగెత్తేది సింధూర. ఇది అది వినవలసిన మాట కాదు.

అన్నయ్యా, పిల్ల బాగా లావవుతోంది. అక్కడున్న పది రోజులూ చూశాను. పెరటి మెట్లు ఎక్కితే రొప్పుతోంది. మెడ వెనక నల్లటి చార వచ్చింది. మట్టి అనుకుని వదిన కొబ్బరిపీచుతో రుద్దుతోంది. అది మట్టి కాదు, రుద్దవద్దని చెప్పు. తొమ్మిదేళ్ళకు నలభై ఆరు కిలోలు. ఇలాగే పోతే పెద్దయ్యేలోపే చక్కెర జబ్బు రావచ్చు. బడి పిల్లలు దాన్ని ‘బెల్లం బస్తా’ అని పిలుస్తున్నారు. నా ముందే పిలిచారు. అది నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇంట్లో అందరి ముందు ఈ మాటలు అనలేక వచ్చేశాను.

మా ఆసుపత్రిలో ఇలాంటి పిల్లల కోసం ఒక కార్యక్రమం పెడుతున్నాం. దాన్ని తయారుచేసే పని మా డాక్టరమ్మ నాకు అప్పగించారు. ఆరు ఆదివారాలు, ఒక్కో పూట. జూలై ఆరున మొదలు. నువ్వూ వదినా రండి. సింధూరను తీసుకురావద్దు. అమ్మ దగ్గర ఉంచండి.

వానలు పడ్డాయా?

నీ చెల్లెలు
లక్ష్మీకుమారి


చినకొత్తూరు
24 జూన్ 2003

చిరంజీవి లక్ష్మీకుమారికి అన్నయ్య ఆశీస్సులు.

వానలు పడలేదు. చివరి కోత జీడిగింజలు నలభై బస్తాలు సావిట్లోనే ఉన్నాయి.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. జబ్బు పిల్లకు అంటావు, రమ్మనేది మమ్మల్ని. దూడకు జబ్బు చేస్తే ఆవును ఆసుపత్రికి తోలుకెళ్ళిన వాడిని నేను చూడలేదు. పైగా పిల్లను తీసుకురావద్దన్న మాట కింద గీత గీశావు. నీ తోటివాళ్ళ ముందు ఇది నా మేనకోడలు అని చెప్పుకోవడం నామోషీ అయితే ఆ మాటే రాయవలసింది.

ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. తప్పు చేశాను. “ఏటంట? గుంట నిండుగా కనబడితే దాని కళ్ళు కుడతన్నాయేటి? అరసేతిలో పట్టిన గుంట అది. పత్తిలో సుట్టి, సుక్కసుక్క పాలు పోసి నిలబెట్టాను. అప్పుడెక్కడున్నాది ఈ డాకటరమ్మ?” అని నిన్నే అంది.

మొక్కు సంగతి నీకు తెలియనిది కాదు. అయినా గుర్తుచేస్తున్నాను. ఏడో నెలలోనే టెక్కలి ఆసుపత్రిలో పుట్టి కిలోంబావు తూగిన పిల్ల అది. అది దక్కితే, పెళ్ళయ్యేదాకా ఏటా కార్తీక సోమవారం దాని ఎత్తు బెల్లం తూచి పంచుతానని అమ్మ రావివలసలో పైకప్పు లేకుండా ఎండలో ఉండే మల్లన్నకు మొక్కింది. తొలి ఏడు మన పెరట్లో పనసకొమ్మకు త్రాసు కట్టి కూర్చోబెడితే ఆరు కిలోలు తూగింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. పోయిన ఏడు నలభై కిలోలు. ఏటికేడూ బెల్లం పెరుగుతోందంటే అది మల్లన్న చల్లని చూపని అమ్మ నమ్మకం. నువ్వు వేలు పెట్టింది అక్కడ.

అయినా చదువుకున్నదానివి. నీ మాట తీసిపారేయను. పిల్లకు రాత్రి అన్నం మాన్పించాను. చిన్న కంచం కొన్నాను. కొట్టుగది తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను. ప్రతి సోమవారం తూచి చూస్తాను. నా పిల్లను నేను చూసుకోగలను. మేం రాలేం.

అన్నయ్య
ధర్మారావు


విశాఖపట్నం
2 జూలై 2003

అన్నయ్యా,

నామోషీ అన్న మాట చదివి రెండు రోజులు నీ ఉత్తరం ముట్టుకోలేదు. ఆసుపత్రిలో నా బల్ల మీద అద్దం కింద పెట్టుకున్న ఫొటో ఎవరిదో నీకు తెలియదు. మూడేళ్ళప్పుడు మన నూతిగట్టు మీద కూర్చున్న సింధూరది.

పిల్లను ఎందుకు వద్దన్నానో ముందే చెప్పవలసింది. మార్చిలో మొదటిసారి పెట్టినప్పుడు మేం పిల్లల్నే పిలిచాం. పదకొండు మంది వచ్చారు. వరసలో నిలబెట్టి తూచాం. ఒక అమ్మాయి చెప్పులు విడిచి, గాజులు తీసి, జడలో పూలు కూడా తీసి అమ్మ చేతికిచ్చి, అప్పుడు ఎక్కింది. మూడో వారానికి ఒక్కరూ రాలేదు. ఆ ఏర్పాటు రాసింది నేనే.

తర్వాత కూర్చుని ఆలోచించాం. పిల్ల బజారుకు వెళ్ళి సరుకు తేదు. వండదు. వడ్డించుకోదు. ఇవన్నీ మనం చేసి, లావయ్యాక నువ్వే తగ్గు అని దాన్ని నిలబెడుతున్నాం. అందుకే ఈసారి పిల్లల్ని ఇళ్ళ దగ్గర ఆడుకోనిచ్చి పెద్దవాళ్ళను పిలుస్తున్నాం. మీకు జబ్బని కాదు. మీ చేతిలో ఉందని. నీ ఆవు మాట చెబితే డాక్టరమ్మ నవ్వారు. “ఆవు మేసిన గడ్డే కదమ్మా దూడ తాగే పాలు” అన్నారు.

నీకు దణ్ణం పెడతాను, మూడు పనులు చెయ్యి. ఆ తాళంచెవి విప్పు. సోమవారం తూకాలు ఆపు. దాని ఒక్కదాని కంచం తగ్గించకు. మారితే ఇంట్లో అందరి కంచాలూ మారాలి.

ఇంకొకటి. నేను రాసిన మొదటి పాఠం డాక్టరమ్మ వెనక్కి ఇచ్చేశారు. అందులో ఓట్స్, బ్రెడ్డు అని ఉంది. “ఇది ఎవరింటి వంటగది?” అని అడిగారు. నాకు సిగ్గేసింది. మన ఇంట్లో పొద్దుట లేచింది మొదలు ఎవరు ఏం తింటారో, ఎవరు పెడతారో రాసి పంపు. పాఠం అక్కడి నుంచి మొదలుపెడతాను.

వదినను అడిగానని చెప్పు.

లక్ష్మీకుమారి


చినకొత్తూరు
20 జూలై 2003

లక్ష్మీకుమారికి,

అడిగావు గనక రాస్తున్నాను. పొద్దున్న నాకూ అమ్మకూ చద్దన్నం, పిల్లకు పూరీ. పదకొండింటికి అమ్మ కొబ్బరీ బెల్లమూ చేతిలో పెడుతుంది. మధ్యాహ్నం అన్నం అమ్మే వడ్డిస్తుంది. వద్దన్నాక రెండుసార్లు వేస్తుంది. సాయంత్రం నేను పలాస నుంచి వస్తూ పొట్లం తెస్తాను, పకోడీయో ఖాజాలో. బండి చప్పుడు వినగానే పిల్ల గుమ్మంలోకి వస్తుంది. రాత్రి టీవీ ముందు ఒక గిన్నెడు జీడిపప్పు బద్దలు. జీడితోటలున్న ఇంట్లో పప్పు కొలిచి పెట్టేదెవరు?

ఇప్పుడు ఇవన్నీ పిల్లకు మాన్పించాను. పొట్లం మటుకు అమ్మకూ మీ వదినకూ తెస్తున్నాను. వాళ్ళేం పాపం చేశారు?

మూడు సోమవారాల్లో కిలోన్నర తగ్గింది. అంటే నా పద్ధతి పనిచేస్తోంది.

నువ్వు విడిగా రాసిన కార్డుకు పిల్ల జవాబు రాయలేదనుకోకు. పెదవి మీద చిన్న పుండు. నాలుగు రోజులుగా బడికి వెళ్ళడం లేదు. అమ్మ ఇచ్ఛాపురంలో చుట్టాలింటికి వెళ్ళి నిన్ననే వచ్చింది. నాతో మాట్లాడటం లేదు.

వానలు పడ్డాయి. నారు పోశాం.

ధర్మారావు


విశాఖపట్నం
28 జూలై 2003

అన్నయ్యా,

మీ పక్కింటి పోలారావు మావ కంటి పరీక్షకు వచ్చి మా ఇంటికి వచ్చాడు. నేను కాఫీ ఇస్తుంటే అన్నాడు: “ఏటమ్మా, మీ అన్న కూతురు పచ్చి జీడిగింజ కొరికి మూతి కాల్సుకున్నాది. జావ తప్ప ఏటీ దిగడం నేదు. నీకు తెల్దేటి?”

నువ్వు పుండు అని రాశావు.

పచ్చిగింజ నోటి దగ్గరకు తేకూడదని మన ఊళ్ళో నాలుగేళ్ళ పిల్లకు కూడా తెలుసు. పెంకులో ఉన్న జీడి ఒంటికి తగిలితే నిప్పు తగిలినట్టే. తెలిసీ కొరికిందంటే దానికి ఎంత ఆకలి వేసిందో నేను ఊహించలేకపోతున్నాను.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. తప్పు నా దగ్గరే మొదలైంది. అక్కడ పది రోజులుండి, అరుగు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పవలసిన మాట వదిలేసి వచ్చి, కాగితం మీద భయపెట్టాను. నువ్వు భయపడి తాళం వేశావు.

ఇప్పుడెలా ఉందో రాయి. నిజం రాయి.

లక్ష్మీకుమారి


చినకొత్తూరు
5 ఆగస్టు 2003

అమ్మా లక్ష్మీకుమారీ,

పెదాలు మానుతున్నాయి. వేళ్ళ మీద చర్మం ఊడి కొత్తది వస్తోంది. నిన్నటి నుంచి అన్నం మెత్తగా చేసి పెడితే తింటోంది.

నిజం రాయమన్నావు. అంతవరకూ అమ్మ నాకు తెలియకుండా దానికి అటుకులూ బెల్లమూ పెడుతూనే ఉందట. అమ్మ ఇచ్ఛాపురం వెళ్ళాక పెట్టేవాళ్ళు లేరు. నా తాళం నిజంగా పడింది అప్పుడే. రెండో రోజు మధ్యాహ్నం మీ వదిన నారుమడి దగ్గర ఉంది. పిల్ల సావిట్లోకి వెళ్ళి బస్తా కుట్టు విప్పి నాలుగు గింజలు తీసింది. కాల్చుకుందామంటే పొగ కనిపిస్తుంది. అందుకని రాయితో చితక్కొట్టి పప్పు పళ్ళతో లాగింది.

సాయంత్రం నేను వచ్చేసరికి తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. పన్నునొప్పి అంది. నేను సరే అన్నాను. చేతిలో పొట్లం మీ వదినకు ఇచ్చాను, దాని కళ్ళ ముందే. తెల్లారేసరికి రెండు పెదాలూ, మూడు వేళ్ళూ బొబ్బలు.

పలాస డాక్టరు దగ్గర మందు రాయించి తీసుకొస్తూ, దారిలో బండి ఆపి అడిగాను, ఎందుకమ్మా ఇలా చేశావని. నోరు తెరవలేక తెరిచి, “అందరియీ పెద్ద కంచాలే నాన్నా. నాదొక్కటే సిన్నది” అంది.

నేను బండి స్టార్టు చేశాను.

తాళం తీసేశాను. చిన్న కంచం కుడితి గోలెం దగ్గర పడేశాను. నీ తర్వాతి ఆదివారాలు పదిహేడున మొదలని పోలారావు చెప్పాడు. వస్తాం. ఆవూ ఎద్దూ ఇద్దరమూ.

అన్నయ్య


విశాఖపట్నం
28 సెప్టెంబరు 2003

అన్నయ్యా,

ఆరు ఆదివారాలూ తప్పకుండా వచ్చినవి నాలుగు జంటలు. తెల్లారకుండా రైలెక్కి వచ్చింది మీరిద్దరే. వదిన మొదటి వారం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆఖరి వారం డాక్టరమ్మకే నూనె లేకుండా పులుసుకూర ఎలా చేయాలో చెప్పింది. ఆ కూర ఇప్పుడు మా పాఠంలో ఉంది. ఓట్స్ లేవు.

రెండో ఆదివారం నేను అందరినీ ఒకటే అడిగాను: తిండి కాకుండా మీ పిల్లకు మీరు రోజూ ఏమిస్తారు? నువ్వు ఆ రోజు చెప్పలేదు. తర్వాతి వారం కూడా తల దించుకునే ఉన్నావు. నీకు కోపం వచ్చిందనుకుని రైలు దగ్గర ఏమీ అడగలేదు. కోపమేనా?

ఒక అనుమతి కావాలి. ఆగస్టులో నువ్వు రాసిన ఉత్తరం వచ్చే జట్టుకు చదవనా? పేరూ ఊరూ తీసేస్తాను. వద్దంటే చదవను.

కార్తీకం వస్తోంది. త్రాసు సంగతి ఏం చేస్తావు?

లక్ష్మీకుమారి


చినకొత్తూరు
21 అక్టోబరు 2003

అమ్మా లక్ష్మీకుమారీ,

కోపం కాదు. పొట్లం తప్ప నేను ఇచ్చేది ఏమీ లేదని ఆ రోజు అందరి మధ్యా తెలిసింది. ఆ సోమవారం ఉత్త చేతులతో ఇంటికి వచ్చాను. అది నా ముఖం చూడలేదు, చేతులు చూసింది. నాకేం చేయాలో తోచక, తోటకు నీళ్ళు పారాయో లేదో చూసొద్దాం రా అన్నాను. వచ్చింది. అప్పటి నుంచి రోజూ వెళ్తున్నాం. సముద్రం కనబడే దిబ్బ దాకా వెళ్ళి వస్తాం. అది బోలెడు మాట్లాడుతుంది. నాకు తెలియదు, దానికి లెక్కల మాస్టారంటే భయమని.

ఇంట్లో అందరం ఒకటే తింటున్నాం. పూరీ నెలకోసారి. అమ్మ ఒక్కతే లొంగలేదు, పిల్లకు ఇంకా రెండుసార్లు వడ్డిస్తోంది.

త్రాసు గురించి అమ్మతో రెండుసార్లు మాట్లాడాను. ఈ ఏడు తూకం వద్దన్నాను. “మొక్కు తప్పితే గుంటకి ఏటైనా అయితే నువ్వు తెత్తావేటి దాన్ని?” అని ఏడ్చింది. అమ్మ ఏడవడం నాన్న పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడే. లోపల తలుపేసి తూచుదామన్నాను. మల్లన్నకు దొంగతనంగా ఇస్తామా అంది.

నిన్న పిల్ల మీ వదినను అడిగిందట, త్రాసు ఎక్కే ముందు రెండు రోజులు ఏమీ తినకపోతే ఎంత తగ్గుతానని. మీ వదిన అప్పటి నుంచి నిద్రపోవడం లేదు. మీ పాఠాల్లో దీనికేమైనా ఉంటే వెంటనే రాయి.

ధర్మారావు


విశాఖపట్నం
29 అక్టోబరు 2003

అన్నయ్యా,

ఏమీ లేదు. మొక్కుల గురించి మా పాఠాల్లో ఒక్క ముక్క కూడా లేదు. డాక్టరమ్మను అడిగితే కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, “మీ అన్నయ్యే ఏదో ఆలోచిస్తారులే” అన్నారు.

అమ్మను తప్పుపట్టకు. కిలోంబావు పిల్లను బతికించింది అమ్మే. ఆ మనిషికి బరువంటే ప్రాణం. తిండి కాకుండా ఏమిస్తారని మేం అడిగిన ప్రశ్న అమ్మను అడిగితే ఏం చెబుతుందో.

పిల్లను మాత్రం పస్తు ఉండనీయకు.

లక్ష్మీకుమారి


చినకొత్తూరు
18 నవంబరు 2003

అమ్మా లక్ష్మీకుమారీ,

నిన్న ఆఖరి కార్తీక సోమవారం. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున్నే పనసకొమ్మకు త్రాసు కట్టాం. ఊళ్ళోవాళ్ళు ముప్పై మంది దాకా వచ్చారు. పిల్ల తలస్నానం చేసి, కొత్త పరికిణీ కట్టుకుని తలుపు వెనక నిలబడింది. రాత్రి అన్నం తినిపించాం, దగ్గర కూర్చుని.

అమ్మ దాన్ని పిలిచింది. నేను అడ్డం వెళ్ళాను. “అమ్మా, ఆ మొక్కు ఎందుకు మొక్కీసినావు?” అన్నాను.

“గుంట దక్కాలని.”

“దక్కినాది కదా. దక్కినది ఎవులికి?”

“నీకు.”

“మరైతే ఇచ్చుకోవలసినోడిని నాను. నానెక్కుతాను. దాని ఎత్తుకి రెండింతలు బెల్లం పోతాది. మల్లన్నకి తక్కువేటి?”

అమ్మ కొంగు నడుముకు దోపుకుంది. “మల్లన్న ఎండలో కూకున్నాడు గానీ కళ్ళు నేనోడు కాదురా. ఎవులెక్కినారో సూత్తాడు” అంది. సూడనీ అన్నాను. అమ్మ లోపలికి వెళ్ళింది. తిరిగి రాదనుకున్నాను. పసుపు గిన్నెతో వచ్చి, త్రాసు పళ్ళేనికి బొట్టు పెట్టి పక్కకు తప్పుకుంది.

నేను ఎక్కాను. కొమ్మ కిర్రుమంది. పోలారావు అరిచాడు: “ఒరే దర్మారావా, తాడు కొత్తదేనా? పనసెట్టుకి ముందే సెప్పినావా?” అందరూ పడీ పడీ నవ్వారు. బెల్లం దిమ్మలు వేస్తున్నారు, వేస్తున్నారు, నా పళ్ళెం నేల వదలడం లేదు. రామూర్తి కొట్టు నుంచి మరో బుట్ట తెప్పించారు. దానికి ఇంకా నవ్వారు.

నలుగురూ చూస్తుండగా ఆ పళ్ళెంలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో ముప్పై తొమ్మిదేళ్ళకు నాకు తెలిసింది. దానికి ఏటా తెలుసు.

ఆ నవ్వులకు పిల్ల తలుపు వెనక నుంచి వచ్చింది. బుట్టలోంచి ఒక దిమ్మ రెండు చేతులతో ఎత్తి వేసింది. తర్వాత ఇంకెవరినీ వేయనివ్వలేదు. “నాన్నా, కదలకు. ముల్లు ఆడతంది” అని నన్ను కసిరింది. ఎనభై ఒక్క కిలోల దగ్గర ముల్లు నిలిచింది. బెల్లం బండికెత్తి రావివలస వెళ్ళాం. అమ్మ గుడి దగ్గర పంచుతూ అందరికీ చెప్పింది, ఈ ఏడు మా బెల్లం రెండింతలని. తిరిగొచ్చాక నా కంచంలో ఒక్కసారే వడ్డించింది. “ఎనబై కిలోలోడివి, సాల్లే” అంది. పిల్లకూ ఒక్కసారే.

ఆగస్టు ఉత్తరం జట్టుకు చదివి వినిపించు. పేరు తీయనక్కరలేదు, ఊరు కూడా. ఇదీ చదువు.

సింధూర పక్కనే కూర్చుని ఒక మాట రాయమంటోంది. వచ్చే కార్తీకానికి త్రాసు ఎక్కే వంతు అత్తదేనట. తాడు గట్టిదే, భయపడవద్దంటోంది.

అన్నయ్య
ధర్మారావు